మొలతాడు బిగిసే దాకా ఆగవద్దు: ఐసీయూలో పొట్ట ఒత్తిడిని కొలిచే, దించే పద్ధతి

కొన్నేళ్ల కిందట హైదరాబాదులో నేను పనిచేసిన ఒక ఐసీయూలో ముప్పై ఏళ్లు దాటిన ఒక అబ్బాయి చేరాడు. క్లోమం వాపు. జిల్లా నుంచి అంబులెన్సులో తీసుకొచ్చారు. రెండో రోజు సాయంత్రం చూడటానికి లోపలికి వదిలినప్పుడు వాళ్లమ్మ దుప్పటి తొలగించి చూసింది. “సిస్టరమ్మా, మా పిల్లవాడి మొలతాడు చూడండి, కోసుకుపోతోంది” అంది. నిజమే. నల్లటి దారం చర్మంలోకి దిగిపోయి నడుము చుట్టూ ఎర్రటి గాడి పడింది. ముందు రోజు ఒళ్లు తుడిచేటప్పుడు అదే దారం కిందికి నా వేలు దూరింది. కత్తెర తెచ్చి దారం కత్తిరించి ఆమె చేతిలో పెట్టాను. అంతే చేశాను. అది ఒక్క రోజులో ఎందుకు బిగిసిందని ఆలోచించలేదు. పదకొండు గంటల తరువాత, మూత్రం పూర్తిగా ఆగిపోయి వెంటిలేటర్ అలారం మోగడం మొదలయ్యాక, పొట్టలో ఒత్తిడి కొలిస్తే 27 (మిల్లీమీటర్ల పాదరసం) వచ్చింది; మామూలుగా 5 నుంచి 7 ఉంటుంది.

ఆ అబ్బాయి బతికాడు. పొట్టలో చేరిన నీటిని గొట్టం వేసి తీశారు. మూడు వారాలు డయాలసిస్ నడిచింది. కానీ ఆ పదకొండు గంటల తప్పు నాదే. కొలవడానికి కావలసిన సామానంతా ఆ మంచం పక్కనే ఉంది: ఫోలీ కాథెటర్ (మూత్రాశయంలో ఉంచే గొట్టం), త్రీ-వే (మూడు దారుల చిన్న కుళాయి), సెలైన్, మానిటర్. కొలవాలన్న ఆలోచనే మాకు రాలేదు. అందుకే నర్సుల కోసం, డ్యూటీ డాక్టర్ల కోసం, ముఖ్యంగా చిన్న ఆసుపత్రుల్లో రాత్రి షిఫ్టును ఒంటరిగా మోసేవారి కోసం ఇది వివరంగా రాస్తున్నాను. మందులు, మోతాదులు, ఆపరేషన్ నిర్ణయాలు చికిత్స చేసే డాక్టరువే. కొలవడం మాత్రం మన చేతిలో పని.

లోపల ఏమి జరుగుతుంది

పొట్ట ఒక మూసిన పెట్టె లాంటిది. వెనుక వెన్నెముక, కింద కటి ఎముకలు, పైన డయాఫ్రం. ముందున్న కండరాల గోడ సాగుతుంది, అదీ కొంతవరకే. ఆ హద్దు దాటాక లోపల మరికొంచెం ద్రవం చేరినా ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకుతుంది.

ముందుగా దెబ్బ తినేవి సాధారణంగా మూత్రపిండాలు. వాటి సిరలు నొక్కుకుపోతాయి. ఒత్తిడి 15 దగ్గర ఉన్నప్పుడే మూత్రం తగ్గడం మొదలవుతుంది, 30కి చేరితే దాదాపు ఆగిపోతుంది. పొట్టలోని పెద్ద సిర నలిగి గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గుతుంది, బీపీ పడిపోతుంది. డయాఫ్రం పైకి నెట్టుకొచ్చి ఊపిరితిత్తుల అడుగు భాగాలు మూసుకుపోతాయి, వెంటిలేటర్ మీద ప్లాటో ప్రెజర్ (గాలి నింపి ఆపిన క్షణంలో ఊపిరితిత్తుల్లో ఉండే ఒత్తిడి) పెరుగుతుంది. పేగుల గోడకు రక్తం అందక లాక్టేట్ (ఆక్సిజన్ అందని కణాలు రక్తంలోకి వదిలే పదార్థం) పెరుగుతుంది. తలకు దెబ్బ తగిలిన రోగి అయితే మెదడులో ఒత్తిడి కూడా పెరుగుతుంది.

అందరూ పడే గొయ్యి ఒకటి ఇక్కడుంది. మూత్రం తగ్గింది, బీపీ తగ్గింది అనగానే సెలైన్ ఎక్కిస్తాము. అరగంట పాటు బీపీ లేస్తుంది, మనసు కుదుటపడుతుంది. ఆ నీరు రక్తనాళాల నుంచి కారి పేగు గోడల్లోకి, పొట్టలోకి చేరుతుంది, ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, మూత్రం ఇంకా తగ్గుతుంది. మళ్లీ ఇంకో బాటిల్. ఈలోగా సీవీపీ (గుండెకు చేరే పెద్ద సిరలోని ఒత్తిడి) చూస్తే 16, 18 అని ఎక్కువగా కనిపిస్తుంది. పొట్ట నుంచి పైకి వచ్చిన ఒత్తిడి ఛాతీలోకి చేరి ఆ అంకెను పెంచుతుంది; గుండెలో నిజంగా రక్తం నిండి ఉండకపోవచ్చు. పొట్ట అంకె పక్కన లేకుండా సీవీపీని నమ్మితే అటైనా ఇటైనా పొరపాటు జరుగుతుంది.

ఎవరికి కొలవాలి

పొట్ట ఒత్తిడి జబ్బు కోసమే ఏర్పడిన ప్రపంచ సంఘం (WSACS) 2013లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం, ప్రాణాపాయ స్థితిలో ఉన్న రోగికి ఈ ప్రమాదం తెచ్చే కారణం ఏ ఒక్కటి ఉన్నా కొలవడం మొదలుపెట్టాలి. కారణాల జాబితా పొడవైనదే. పొట్ట ఆపరేషన్, పెద్ద ప్రమాదంలో గాయాలు, పొట్టలో రక్తస్రావం, తీవ్రమైన క్లోమం వాపు, సెప్సిస్ (ఒంట్లోని అవయవాలను దెబ్బతీసే తీవ్ర ఇన్‌ఫెక్షన్), ఎక్కువ శాతం కాలిన గాయాలు, పేగులు కదలకపోవడం, కాలేయ జబ్బుతో పొట్టలో నీరు, భారీగా రక్తం లేదా సెలైన్ ఎక్కించడం. కాలిన గాయాలకు ఒక లెక్క గుర్తుంచుకోండి. మొదటి 24 గంటల్లో కిలో బరువుకు 250 మి.లీ. దాటి ద్రవం వెళితే ఈ ముప్పు బాగా ఎక్కువ. అరవై కిలోల మనిషికి అది 15 లీటర్లు.

మన ఊరి సంగతులు రెండు చెప్పాలి. ఒకటి డెంగ్యూ. వానాకాలం మొదలైతే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలోనూ గాంధీలోనూ జ్వరాల వరుసలు ఎలా ఉంటాయో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. తీవ్ర డెంగ్యూలో జ్వరం తగ్గే వేళ ఒకటి రెండు రోజులు రక్తనాళాల నుంచి ప్లాస్మా కారుతుంది; పొట్టలో, ఛాతీలో నీరు చేరుతుంది. ఆ సమయంలో ద్రవాలు కావాలి. కారడం ఆగాక కూడా అదే వేగంతో ఎక్కిస్తూ పోతే పొట్ట బిగుస్తుంది. పైగా ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటాయి కనుక సూది వేసి నీరు తీయడమూ ప్రమాదమే. అందుకే డెంగ్యూ రోగికి ఒత్తిడి ముందుగానే కొలుస్తూ ఉండటం మరీ అవసరం.

రెండోది, జిల్లాల నుంచి నగరానికి పంపే రోగులు. రిఫరల్ కాగితం మీద రోగనిర్ధారణ ఉంటుంది, ఇచ్చిన యాంటీబయాటిక్ ఉంటుంది. ఎన్ని లీటర్లు ఎక్కించారో చాలాసార్లు ఉండదు. అంబులెన్సు వెళ్లిపోయేలోపే అడగండి. “ఇక్కడికి వచ్చేదాకా ఎన్ని బాటిళ్లు పెట్టారన్నా?” అని డ్రైవరుతో పాటు వచ్చిన టెక్నీషియన్‌ను అడగండి, మందుల బిల్లులు చూడండి, బాటిళ్లు లెక్కపెట్టండి. ఆ లెక్క మొదటి పేజీలో రాయండి.

చేత్తో నొక్కి చూస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. అనుభవమున్న డాక్టర్లు చేత్తో చూసి చెప్పినదాన్ని కొలతతో పోల్చినప్పుడు, ఒత్తిడి పెరిగిన రోగుల్లో దాదాపు సగం మందిని చేతులు పట్టలేకపోయాయి. టేపుతో నడుము చుట్టుకొలత తీసుకున్నా ఒత్తిడి ఎంతో తెలియదు. మొలతాడు బిగిసిందంటే, గౌను ముళ్లు అందడం లేదంటే, అది కొలవమని పిలుపు మాత్రమే.

కొలవడం: ఒక్కో అడుగు

మూత్రాశయం పొట్టలోని ఒత్తిడిని ఉన్నదున్నట్టు బయటికి చూపిస్తుంది. 1984లో అమెరికాలో ఇర్వింగ్ క్రాన్ బృందం ఈ పద్ధతిని ఆపరేషన్ నిర్ణయానికి వాడింది. ఒత్తిడి 25 దాటి మూత్రం ఆగిపోయినవారిలో ఏడుగురికి పొట్ట మళ్లీ తెరిస్తే మూత్రం వచ్చింది. తెరవని నలుగురూ చనిపోయారు. ఇప్పటికీ మనం చేసేది ఆ పద్ధతే, కొంచెం శుభ్రపరిచిన రూపంలో.

సిద్ధం చేసుకోవలసినవి: ఫోలీకీ యూరిన్ బ్యాగు గొట్టానికీ మధ్య పెట్టడానికి స్టెరైల్ త్రీ-వే, ప్రెజర్ ట్రాన్స్‌డ్యూసర్ (ఒత్తిడిని మానిటర్ మీద అంకెగా చూపే పరికరం), 50 మి.లీ. సిరంజి, స్టెరైల్ సెలైన్, క్లాంపు, గ్లవ్స్. బీపీ చూపిస్తున్న ఆర్టీరియల్ లైను (ధమనిలో పెట్టిన గొట్టం) నుంచి ట్రాన్స్‌డ్యూసర్ ఊడదీసి తేవద్దు. వేరేది వాడండి. ఒకసారి అమర్చిన త్రీ-వేను అలాగే ఉంచండి. గొట్టాన్ని ప్రతిసారీ విప్పితే మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కు మనమే దారి తీసినట్టు.

1. రోగిని పూర్తిగా వెల్లకిలా, తల ఎత్తు లేకుండా పడుకోబెట్టండి. తల 30 డిగ్రీలు ఎత్తి ఉంటేనే అంకె కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతుంది. తల దించడం కుదరని రోగి అయితే ప్రతిసారీ ఒకే కోణంలో కొలిచి, ఆ కోణం చార్టులో రాయండి. ట్యూబు ద్వారా ఆహారం వెళుతుంటే ఆ కొద్దిసేపు ఆపండి.

2. నొప్పి, దగ్గు, వెంటిలేటరుతో పెనుగులాట ఉంటే ముందు వాటిని చూడండి. పొట్ట కండరాలు బిగబట్టి ఉన్నప్పుడు వచ్చే అంకె ఆ కండరాలది.

3. తుంటి ఎముక పై అంచు దగ్గర, చంక మధ్య నుంచి కిందికి గీసిన గీత ఎక్కడ కలుస్తుందో అక్కడ చర్మం మీద మార్కరుతో చిన్న గుర్తు పెట్టండి. ట్రాన్స్‌డ్యూసర్‌ను ఆ ఎత్తుకు తెచ్చి జీరో చేయండి. గుర్తు ఉంటే రాత్రి షిఫ్టువారూ అక్కడే కొలుస్తారు. లేకపోతే మనిషికో చోటు, షిఫ్టుకో అంకె.

4. మూత్రాశయాన్ని పూర్తిగా ఖాళీ కానిచ్చి, యూరిన్ బ్యాగు వైపు గొట్టాన్ని క్లాంపు చేయండి.

5. సెలైన్ 25 మి.లీ. ఎక్కించండి, అంతకు మించి వద్దు. పాత పుస్తకాల్లో 50, 100 అని ఉంటుంది. అంత నింపితే మూత్రాశయమే బిగుసుకుని అంకెను పెంచుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సెలైన్ వాడవద్దు, చల్లదనానికి మూత్రాశయం ముడుచుకుంటుంది. పిల్లలకు కిలోకు 1 మి.లీ. చొప్పున, కనీసం 3, గరిష్ఠం 25.

6. అర నిమిషం నుంచి ఒక నిమిషం ఆగండి. గడియారం చూసుకుని ఆగండి.

7. పొట్ట మీద అరచేతితో మెల్లగా తట్టండి. మానిటర్ మీద గీత వెంటనే లేచి పడాలి. లేవకపోతే గొట్టం మడత పడి ఉంటుంది, గాలి బుడగ ఉంటుంది, లేదా త్రీ-వే తప్పు వైపు తిరిగి ఉంటుంది.

8. ఊపిరి పూర్తిగా వదిలిన క్షణంలో అంకె చదవండి. మానిటర్ స్కేలును 0 నుంచి 30కి మార్చుకుంటే గీత స్పష్టంగా కనిపిస్తుంది. ప్రతి శ్వాసకూ కొంచెం లేచి, కొంచెం దిగుతుంది. దిగి నిలిచిన చోటు మనకు కావాలి. మూడు శ్వాసలు చూసి రాయండి.

9. క్లాంపు తీయండి. తల మళ్లీ 30 నుంచి 45 డిగ్రీలకు ఎత్తండి. ఈ రెండూ మరిచిపోతే చేసిన పని ఎదురు తిరుగుతుంది. క్లాంపు ఉండిపోతే మూత్రం లోపలే నిలుస్తుంది, పొద్దున రౌండ్స్‌లో మూత్రం రాలేదని అందరూ హడావుడి పడతారు.

10. ఆ గంట మూత్రం లెక్కలోంచి 25 మి.లీ. తీసివేయండి. దీన్ని చిన్న విషయం అనుకోవద్దు. గంటకు 10 మి.లీ. మాత్రమే వస్తున్న రోగికి మనం పోసిన 25 కలిసి 35 అని చార్టులో పడితే, మూత్రపిండాలు కోలుకున్నాయని డాక్టరు అనుకుంటారు. రోజుకు ఆరుసార్లు కొలిస్తే 150 మి.లీ. లేని మూత్రం చార్టులోకి వస్తుంది.

మూత్రాశయానికి గాయమైనా, కటి ఎముక విరిగి చుట్టూ రక్తం గడ్డకట్టి ఉన్నా, నరాల జబ్బుతో మూత్రాశయం మొద్దుబారి ఉన్నా ఈ అంకెను నమ్మడం కష్టం. డాక్టరుకు ముందే చెప్పండి.

ట్రాన్స్‌డ్యూసర్ లేకపోతే

సీవీపీ మానోమీటర్ గొట్టం, సెంటీమీటర్ల స్కేలు చాలు. త్రీ-వే పక్క ద్వారానికి స్టెరైల్ గొట్టం బిగించి నిటారుగా నిలబెట్టండి, స్కేలు సున్నాను చర్మం మీది గుర్తుకు సరిగ్గా పెట్టండి. మిగతా అడుగులన్నీ అవే. సెలైన్ పోసి త్రీ-వే తిప్పగానే నీటి మట్టం మెల్లగా లేచి ఒక చోట ఆగి, శ్వాసతో పాటు అర సెంటీమీటరు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగిసలాట కనిపిస్తేనే కొలత సరైనది. వచ్చినది సెంటీమీటర్ల నీటి లెక్క, దాన్ని 1.36తో భాగించాలి. మట్టం 30 దగ్గర ఉంటే ఒత్తిడి 22. భాగించకుండా 30 అని రాసేసి ఆపరేషన్ థియేటరుకు ఫోన్ చేయించిన సందర్భం నాకు తెలుసు. దీనికి తిరగేసిన తప్పు, అంటే పాదరసం లెక్కలో వచ్చిన అంకెను కూడా భాగించి తగ్గించడం, ఇంకా ప్రమాదకరం. కాబట్టి అంకె పక్కన ఏ కొలమానమో ప్రతిసారీ రాయండి.

అంకె వచ్చాక

లెక్కలన్నీ మిల్లీమీటర్ల పాదరసంలో. ఐసీయూలో ఉన్న పెద్దవారికి 5 నుంచి 7 మామూలు. ఊబకాయం ఉన్నవారికి, గర్భిణులకు మామూలుగానే కొంత ఎక్కువ ఉంటుంది. అందుకే చేరిన రోజే మొదటి కొలత తీసుకోవాలి, రేపు పోల్చడానికి అదే ఆధారం. మళ్లీ మళ్లీ కొలిచినా 12 లేదా అంతకు మించి ఉంటే ఒత్తిడి పెరిగినట్టే. 12 నుంచి 15 మొదటి దశ, 16 నుంచి 20 రెండో దశ, 21 నుంచి 25 మూడో దశ, 25 దాటితే నాలుగో దశ. 20 దాటి అలాగే నిలిచి, ఏదైనా అవయవం కొత్తగా దెబ్బ తింటే దాన్ని అబ్డామినల్ కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. పిల్లల్లో ఆ హద్దు 10 మాత్రమే. పెద్దల పట్టిక చూసి పిల్లవాడి 14ను పరవాలేదు అనుకోవద్దు.

రాత్రి మూడు గంటలకు డాక్టరుకు ఫోన్ చేసేటప్పుడు ఒక చిన్న తీసివేత సిద్ధంగా ఉంచుకోండి. సగటు బీపీ లోంచి పొట్ట ఒత్తిడి తీసేస్తే పొట్టలోని అవయవాలకు మిగిలే ఒత్తిడి తెలుస్తుంది. సగటు బీపీ 70, పొట్ట 8 అయితే మిగిలేది 62. అదే 70, పొట్ట 22 అయితే 48. మానిటర్ మీద బీపీ రెండుసార్లూ ఒకటే. 60కి తగ్గకుండా ఉండాలని చాలామంది చూస్తారు, కానీ ఈ ఒక్క అంకెను లక్ష్యంగా పెట్టుకోమని 2013 మార్గదర్శకాలు చెప్పలేదు. పరిస్థితి ఎంత తీవ్రమో వివరించడానికి మాత్రం ఇది బాగా పనికొస్తుంది. “సర్, పొట్ట బిగుతుగా ఉంది” అంటే, రౌండ్స్‌లో చూద్దామనే జవాబు రావచ్చు. “సర్, పొట్ట ఒత్తిడి 22, నాలుగు గంటల కిందట 16, మూత్రం రెండు గంటలుగా 5 మి.లీ.” అంటే లేచి వస్తారు.

12 దాటిన రోగికి 4 నుంచి 6 గంటలకోసారి తప్పక కొలవండి. పెరుగుతూ ఉంటే ఇంకా తరచుగా.

ఒత్తిడి దించడం

డాక్టరుతో కలిసి అన్ని వైపుల నుంచీ ఒకేసారి మొదలుపెట్టాలి. ఒకటి చేసి ఫలితం కోసం ఆరు గంటలు ఆగే జబ్బు కాదు ఇది.

పేగుల్లోపలిది ఖాళీ చేయండి. రైల్స్ ట్యూబ్ (ముక్కు నుంచి కడుపులోకి వేసే గొట్టం) వేసి గాలి, ద్రవం బయటికి రానివ్వండి. మలద్వారం నుంచి గొట్టం, అవసరమైతే ఎనీమా. ట్యూబు ఫీడ్ తగ్గించాలా, ఆపాలా అని అడగండి. పెద్దపేగు ఉబ్బిపోయి మామూలు పద్ధతులకు లొంగకపోతే డాక్టర్లు పేగులను కదిలించే నియోస్టిగ్మిన్ మందు ఇస్తారు. అది ఇచ్చేటప్పుడు గుండె వేగం బాగా పడిపోవచ్చు; మానిటర్ మీద కన్ను, చేతికందేలా గుండె వేగం పెంచే అట్రోపిన్ ఉండాలి.

పేగుల బయట ఉన్నది తీయించండి. స్కానింగులో నీరు కనిపిస్తే అల్ట్రాసౌండ్ సాయంతో గొట్టం వేసి తీయవచ్చు. మొదట చెప్పిన అబ్బాయి పొట్ట తెరవకుండా గట్టెక్కింది దీనితోనే. కాలేయ జబ్బు ఉన్నవారిలో ఐదు లీటర్లు దాటి తీస్తే, తీసిన ప్రతి లీటరుకు 6 నుంచి 8 గ్రాముల ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఇస్తారు.

పొట్ట గోడను సడలించండి. నొప్పి తగ్గించడం, మత్తు సరిపడా ఇవ్వడం, బిగుతైన కట్లు, బెల్టులు విప్పడం. తల ఎత్తు 20 డిగ్రీల లోపు ఉంచమంటారు, కానీ న్యుమోనియా భయం మరో వైపు ఉంది కనుక ఇది డాక్టరు తూచి చెప్పాలి. కండరాలను పూర్తిగా సడలించే మందులు కొద్ది గంటలకు మాత్రమే. చుట్టూ కాలి చర్మం తోలులా బిగుసుకున్నవారికి ఆ చర్మాన్ని కోసి వదులు చేస్తే ఒత్తిడి తగ్గుతుంది.

ద్రవాల విషయంలో నాకు పట్టుదల ఎక్కువ, ఎందుకంటే చాలా హాని ఇక్కడే జరుగుతుంది. షాక్‌లో ఉన్నవారికి ద్రవం ఇవ్వాల్సిందే, అందులో సందేహం లేదు. ఆ మొదటి గంటలు దాటాక, గంటకు 125 మి.లీ. అని ఎప్పుడో రాసిన ఆర్డరు మూడు రోజులు అలాగే నడుస్తూ ఉంటుంది. యాంటీబయాటిక్ కలిపే సెలైన్, పొటాషియం కలిపే సెలైన్, లైను కడిగే సెలైన్ కలిపితే రోజుకు ఒకటిన్నర లీటరు దాటడం నేను లెక్కపెట్టి చూశాను. చేరిన రోజు నుంచి ఇప్పటిదాకా మొత్తం ఎంత మిగులు ఉందో ప్రతి షిఫ్టులోనూ కూడి రాయండి, రౌండ్స్‌లో పైకి చదవండి. బీపీ కోసం ఇంకో బాటిల్ పెట్టమంటే, బీపీని నిలబెట్టే మందు గురించి, “నోరాడ్రినలిన్ పెంచవచ్చా సర్?” అని అడగడం తప్పు కాదు. మిగులు తీయడానికి మూత్రం మందులా, డయాలసిసా అన్నది వారు నిర్ణయిస్తారు.

పొట్ట తెరవాల్సి వస్తే

ఇవన్నీ చేసినా 20 పైనే నిలిచి అవయవాలు దెబ్బ తింటూ ఉంటే పొట్ట కోసి తెరవడమే దారి. కుటుంబానికి ఇది చెప్పడం చాలా కష్టం. లోపల చోటు లేక అవయవాలు నలిగిపోతున్నాయని, చోటు ఇవ్వడానికే తెరుస్తున్నారని, కుట్లు వెంటనే వేయకపోవచ్చని ముందే చెప్పాలి. తెరిచిన పొట్టను ప్లాస్టిక్ పొరతోనో, గాలి పీల్చే పంపు కట్టుతోనో కప్పుతారు. స్టెరైల్ సెలైన్ సంచిని కోసి అంచులకు కుట్టే పద్ధతిని 1984లో కొలంబియా రాజధాని బొగోటాలో ఓస్వాల్డో బొర్రాయెజ్ అనే శస్త్రవైద్యుడు మొదలుపెట్టారు. ఖర్చు తక్కువ కాబట్టి మన దగ్గరా అది అక్కరకొస్తుంది.

తెరిచిన వెంటనే బీపీ కుప్పకూలవచ్చు, నలిగిన చోట పేరుకున్న ఆమ్లం, పొటాషియం రక్తంలోకి రావచ్చు. థియేటరు నుంచి వచ్చిన మొదటి గంట మంచం వదలవద్దు. తెరిచాం కదా అని కొలవడం మానవద్దు. కట్టు బిగుతైనా, లోపల మళ్లీ రక్తం చేరినా ఒత్తిడి తిరిగి పెరుగుతుంది. కుట్లు వేసి మూసిన తరువాత కూడా అంతే.

బయట కూర్చున్నవారికి

ఐసీయూ బయట కుర్చీల్లో, మెట్ల మీద రాత్రిళ్లు గడిపే అమ్మలకు, అన్నదమ్ములకు కూడా ఒక మాట. మీవారి ఒంటి తీరు మాకంటే మీకే బాగా తెలుసు. పొట్ట నిన్నటికంటే బిగుతుగా కనిపించినా, మూత్రం సంచి ఖాళీగా కనిపించినా సంకోచించకుండా చెప్పండి. “పొట్టలో ఒత్తిడి కొలిచారా, ఎంత వచ్చింది?” అని డాక్టరును అడగండి. ఇది దబాయింపు కాదు, న్యాయమైన ప్రశ్న. ఇంతకుముందు చేర్పించిన ఆసుపత్రి కాగితాలు, బిల్లులు ఒక సంచిలో పెట్టుకుని వెంట తీసుకురండి. ఎన్ని బాటిళ్లు ఎక్కించారో మాకు వాటిలోనే దొరుకుతుంది.